రోస్లిన్ చాపెల్‌లో లేని మొక్కజొన్న పొత్తులు

స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరోకు దక్షిణాన ఉన్న రోస్లిన్ చాపెల్ అనే చిన్న చర్చి గురించీ, దాన్ని కట్టించిన సింక్లెయిర్ వంశపు కోటల గురించీ ఒక సందేశం ఈ నెలలో నాకు నాలుగోసారి వచ్చింది. మూడుసార్లు ఊరుకున్నాను కానీ, ఈసారి పంపినవాడు చరిత్రలో ఎమ్మే చేసిన మిత్రుడు. చాపెల్‌ను టెంప్లార్లు అనే మధ్యయుగపు క్రైస్తవ సన్యాసి యోధులు కట్టారనీ, సింక్లెయిర్ల కోటలన్నీ వారి స్థావరాలేననీ, హెన్రీ సింక్లెయిర్ 1398లోనే అమెరికా చేరాడనీ, అందుకు సాక్ష్యంగా చాపెల్‌లో మొక్కజొన్న పొత్తులు చెక్కించారనీ, ‘రోజ్ లైన్’ అనే ఊహారేఖ నుంచి ఊరికి ఆ పేరు వచ్చిందనీ, తాపీ మేస్త్రుల సంఘాల నుంచి పుట్టిన సోదర సంఘమైన ఫ్రీమేసన్లకు ఈ వంశమే పెద్దదిక్కనీ దాని సారాంశం.

పేరు సంగతి వెంటనే తేలిపోతుంది: ‘రోస్’ అంటే కొండకొమ్ము, ‘లిన్’ అంటే జలపాతం లేదా మడుగు.

టెంప్లార్ల సంఘాన్ని పోప్ 1312లో రద్దు చేశాడు; విలియం సింక్లెయిర్ చాపెల్‌కు పునాది వేసింది 1446లో. పైగా 1309లో ఎడిన్‌బరోలోని హోలీరూడ్‌లో టెంప్లార్లపై విచారణ జరిగినప్పుడు ఈ వంశంవారు సాక్ష్యం చెప్పింది వారికి వ్యతిరేకంగానే. ఇక కోటలంటారా, కిర్కాల్డీలోని రేవెన్స్‌క్రెయిగ్‌ను 1460లో తన రాణి కోసం తలపెట్టినవాడు స్కాట్లాండ్ రాజు రెండవ జేమ్స్; ఆర్క్నీ దీవుల ఎర్ల్ (ప్రభువు) హోదాను వదులుకున్నందుకు బదులుగా 1470లో అది విలియంకు దక్కింది. ఫిరంగి దెబ్బలకు తట్టుకునేలా కట్టిన ఆ కోటలో, నూటయాభై ఏళ్ల కిందటే అంతరించిన యోధులు ఎక్కడ మకాం పెట్టారో సందేశం రాసినవారే చెప్పాలి.

అమెరికా కథకు మూలం 1558లో వెనిస్‌లో అచ్చయిన ఒక పుస్తకం. దాన్ని కూర్చిన నికొలో జెనో, పూర్వీకుల ఉత్తరాలను చిన్నతనంలో తానే చించేశాననీ, మిగిలిన ముక్కల నుంచి వృత్తాంతం అల్లాననీ చెప్పుకున్నాడు. ఇంతటి పటిష్ఠమైన ఆధారంలోనూ హెన్రీ సింక్లెయిర్ పేరు లేదు; ‘జిచ్‌మ్ని’ అనే ప్రభువూ, ఏ సముద్రంలోనూ లేని ‘ఫ్రిస్‌లాండ్’ అనే ద్వీపమూ ఉన్నాయి. ఆ జిచ్‌మ్నియే సింక్లెయిర్ అని 1784లో జర్మన్ శాస్త్రవేత్త ఫోర్‌స్టర్ ఊహించాడు. 20వ శతాబ్దంలో మరికొంత ముందుకు పోయి, కెనడాలోని నోవా స్కోషియా ఆదివాసులైన మిక్‌మాక్‌ల పురాణపురుషుడు గ్లూస్కాప్ కూడా సింక్లెయిరేనన్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఒక జాతి తరతరాలుగా చెప్పుకుంటున్న కథలోని నాయకుణ్ణి ఓడ దిగిన ఐరోపా దొరగా మార్చేస్తే, ఆ జాతికి సొంత పురాణం కూడా మిగలదు. పరాయి పాలన అంటే ఏమిటో తెలిసిన మనం దాన్ని ‘అద్భుత నిజం’ అంటూ పంచుకోవడం మరీ విడ్డూరం.

పొత్తులంటున్నవి ఒక కిటికీ కమాను చుట్టూ ఉన్న చెక్కడాలు. దగ్గరగా చూస్తే, నిటారైన ఆకుల మధ్య గళ్లుగళ్లుగా ఉన్న కోలలు వరుస తీరి ఉంటాయి. వాటిలో గోధుమను చూసినవారున్నారు, లిల్లీని చూసినవారున్నారు. పొత్తులేనని పట్టుబడితే మాత్రం, తాత కొత్త ఖండాన్ని కనుగొన్న సంగతిని మనవడు విలియం ఎవరి చెవినీ వేయకుండా, ఒక కిటికీకి మాత్రమే చెప్పుకున్నాడని నమ్మాలి.

ఫ్రీమేసన్ల మాటనూ ఇలాగే కొట్టిపారేద్దామనుకున్నాను కానీ, అది నిజమే. 17వ శతాబ్దంలో స్కాట్లాండ్ తాపీ మేస్త్రులు రోస్లిన్ సింక్లెయిర్లను తమ పోషకులుగా గుర్తిస్తూ పత్రాలు రాసిచ్చారు. 1736లో ఏర్పడిన స్కాట్లాండ్ ఫ్రీమేసన్ల కేంద్ర సంఘం గ్రాండ్ లాడ్జికి తొలి అధ్యక్షుడు (గ్రాండ్ మాస్టర్) ఆ వంశానికే చెందిన మరో విలియం. అప్పటికి చాపెల్ పునాదికి 290 ఏళ్లు నిండాయి. సందేశంలో ఫ్రీమేసన్ల గురించిన ఆ ఒక్క వాక్యం వరకు కత్తిరించి పంపితే నాకు అభ్యంతరం లేదు.