గది ఎంచుకున్నప్పుడే సగం బిల్లు తేలిపోతుంది

మా అమ్మకు మోకాలి కీలు మార్పిడి చేయించాలని అనుకున్నాక పది రోజుల పాటు ఇంట్లో ఒకటే చర్చ: మంచి రోజు ఎప్పుడు? అష్టమి వద్దు, అమావాస్య వద్దు, మంగళవారం అసలే వద్దు. మొత్తానికి డేట్ కుదిరింది. ఫ్లాస్కు, దుప్పట్లు, చార్జర్, స్టీలు గ్లాసులు సంచిలో సర్దేశాం. ఇన్సూరెన్స్ పాలసీ కాగితాన్ని మాత్రం ఎవరూ తెరిచి చూడలేదు.

యాక్సిడెంటో గుండెపోటో అయితే ఆలోచించే టైం ఉండదు. మోకాళ్లు, కంటి శుక్లాలు, హెర్నియా, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు అలా కాదు. తేదీ పెట్టుకుని వెళ్లే ఆపరేషన్లు ఇవి, చేతిలో వారాల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధంతా డబ్బు సర్దుబాటుకూ ముహూర్తానికీ పోతోంది. తప్పంతా మనదే అనను. ప్యాకేజీ ఎంతో గడగడా చెప్పే ఆసుపత్రి కౌన్సెలర్ ‘మీ పాలసీలో రూమ్ రెంట్ లిమిట్ ఎంత?’ అని మాత్రం అడగలేదు. ‘డీలక్స్ ఖాళీగా ఉంది, తీసుకోండి’ అని చెప్పారు. అమ్మకు కాస్త సుఖంగా ఉంటుందని మేమూ తలూపాం.

ఆ తలూపడం ఖరీదు ఎంతో లెక్క వేసి చూపిస్తాను. 5 లక్షల పాలసీ, గది అద్దె పరిమితి అందులో 1 శాతం, అంటే రోజుకు 5,000 అనుకుందాం. పాత పాలసీల్లో చాలావాటికి ఈ షరతు ఉంటుంది. మీరు 8,000 గది తీసుకున్నారు. నాలుగు రోజులకు అదనం 12,000, అంతేగా అనుకుంటాం. అంతే కాదు. మీ గది అర్హత ఎనిమిదింట ఐదు వంతులే కాబట్టి డాక్టర్ల ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ చార్జీల్లోనూ అన్నే వంతులు ఇస్తామంటుంది కంపెనీ. ఆ చార్జీలు 1,60,000 అయితే చేతికొచ్చేది లక్షే. మిగతా 60,000, గది తేడాతో కలిపి 72,000 మన జేబులోంచి పోతాయి. దీన్నే ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. మందులు, ఇంప్లాంట్, పరీక్షలు, ఐసీయూ చార్జీలకు ఈ కోత వర్తించకూడదని 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రిలోనూ కోత పెట్టకూడదు. బిల్లు చేతికొచ్చాక ఇదంతా వాదించడం కంటే అడ్మిషన్‌కు ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక ఫోన్ చేసి కనుక్కోవడం తేలిక.

ఆ ఫోన్‌లోనే వెయిటింగ్ పీరియడ్ కూడా అడగాలి. కొత్త పాలసీ తీసుకుని ఆరు నెలలకే శుక్లం ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లను చూశాను. శుక్లాలు, హెర్నియా, కీళ్ల మార్పిడి లాంటి వాటికి చాలా పాలసీల్లో 24 నెలలు ఆగాలి. ఆరోగ్యశ్రీ అయితే దారి వేరు. ఆ ఆపరేషన్ జాబితాలో ఉందా, ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందా అని ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను ముందే అడిగితే చాలు.

డబ్బు కన్నా నాకు ఎక్కువ భయం వేసింది మందుల డబ్బా విషయంలో. అమ్మ వేసుకునే బిళ్లలన్నీ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో, సగం కత్తిరించిన స్ట్రిప్పుల్లో ఉంటాయి. పేర్లు ఎవరికీ తెలియవు. మత్తు డాక్టరు అడిగితే ‘ఒకటి బీపీది, రెండు షుగర్‌వి’ అన్నాం. ఆ షుగర్ బిళ్లల్లో ఒకటి డాపాగ్లిఫ్లోజిన్. దాన్ని ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందే ఆపాలి. లేకపోతే కడుపు మాడ్చుకుని ఉన్న సమయంలో రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది, పైగా షుగర్ రీడింగ్ మామూలుగానే కనిపించవచ్చు. రక్తం పలచబడే బిళ్లల సంగతీ అంతే. ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెప్పాలి, గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా ఆపితే అసలుకే మోసం. స్ట్రిప్పులన్నీ వరసగా పరిచి ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుని వెళ్లి ఉంటే మా ఆపరేషన్ వాయిదా పడేది కాదు. అవును, పడింది. మంచి రోజూ పోయింది.

ఉపవాసం గురించీ గట్టిగా అడగండి. ఘనాహారానికి ఆరు గంటలు, మంచినీళ్లకు రెండు గంటలు ఆగితే చాలని మత్తు వైద్యుల మార్గదర్శకాలు చాలాకాలంగా చెబుతున్నాయి. అయినా మధ్యాహ్నం ఆపరేషన్ ఉన్న డెబ్బై ఏళ్ల మనిషికి కూడా ‘రాత్రి పది తర్వాత చుక్క నీళ్లు వద్దు’ అనేస్తారు.

ఇక పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని చూడటానికి వచ్చిన ప్రతి పెద్దావిడా చెప్పింది. సర్జన్ నవ్వి, పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి, రెండు పూటలా పెట్టండన్నారు.

క్యాష్‌లెస్ డిశ్చార్జికి మూడు గంటల్లో ఆమోదం ఇవ్వాలని 2024 మేలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. ఆలస్యమైతే ఆసుపత్రి వేసే అదనపు చార్జీ ఇన్సూరెన్స్ కంపెనీయే భరించాలి. మేం ఉదయం తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం ఆరయింది. ఒక రకంగా అదే మేలయింది. ఇంట్లో ఉన్నది ఇండియన్ టాయిలెట్ అని ఆ మధ్యాహ్నం వరకూ ఎవరికీ గుర్తు రాలేదు. ఆమోదం వచ్చేసరికి మా తమ్ముడు కోఠిలో సర్జికల్ షాపులన్నీ తిరిగి, కమోడ్ కుర్చీ ఆటోలో వేసుకుని బయల్దేరాడు.