గుడి దగ్గర మనం, బడి దగ్గర వాళ్లు

ఈ ఉగాది సాయంత్రం పంచాంగ శ్రవణం ముగిసి, పచ్చడి గిన్నెలు ఖాళీ అయ్యాక, సింగపూర్‌లో మన తెలుగు సంఘం వేదిక మీది తెరపై కంబోడియా యాత్ర ఫోటోలు వేశారు. అంగ్‌కోర్ వాట్ శిఖరాలకు చప్పట్లు పడ్డాయి. ఆ తర్వాత ఒక రేకుల షెడ్డు ముందు బారుగా నిలబెట్టిన పిల్లలు, వాళ్ల వెనక మన బ్యానరు, ఆ బ్యానరు కొస పట్టుకుని నవ్వుతున్న నేను కనిపించేసరికి చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి. రెండో వరుసలో ఒక పాప నోటుపుస్తకాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుని ఉంది. వ్యాఖ్యానం చెబుతున్న మిత్రుడు "ఎంత సిగ్గో చూడండి" అన్నారు, హాలంతా నవ్వింది. అది సిగ్గు కాదని నాకు తెలుసు, యాత్రకు వచ్చిన మరికొందరికీ తెలుసు. ఒక్కరం కూడా నోరు మెదపలేదు.

మెదపనందుకే ఇప్పుడు రాస్తున్నాను.

సింగపూర్ నుంచి అంగ్‌కోర్ పక్కనున్న సియెం రీప్ పట్టణానికి విమానంలో రెండు గంటల ప్రయాణం. మన కార్యవర్గం దానికి 'ఆధ్యాత్మిక సేవాయాత్ర' అని పేరు పెట్టింది. మొదటి రెండు రోజులూ ఆధ్యాత్మికం, మూడో రోజు మధ్యాహ్నం సేవ, సాయంత్రం బజారు. ఆలయాల్లో భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలన్న నియమాన్ని ముందే పంపినా మన మగవాళ్లలో ఇద్దరు నిక్కర్లతో వచ్చి, దారిలోని దుకాణంలో ఏనుగు బొమ్మల పైజామాలు కొనుక్కోవలసి వచ్చిందన్న సంగతి ఫోటోల్లో ఎలాగూ చూశారు.

అంగ్‌కోర్ వాట్‌ను 12వ శతాబ్దం తొలి సగంలో కంబోడియాను ఏలిన ఖ్మేర్ రాజు రెండో సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించాడు. పడమటి ద్వారంలో ఎనిమిది చేతుల విగ్రహం ఒకటి నిలబడి ఉంటుంది. విష్ణువని మనం గుర్తుపడతాం, స్థానికులు తమ ఊరి రక్షకుడిగా ఇవాళ్టికీ అగరొత్తులు వెలిగించి మొక్కుతారు. మేము వెళ్లేసరికి ఒక ముసలమ్మ అక్కడ మోకాళ్ల మీద కూర్చుని ఉంది. మా బృందం ఆమె చుట్టూ చేరి విష్ణు సహస్రనామం ఎత్తుకుంది. ఆమె కాసేపు చూసి, అగరొత్తులు గుచ్చి, పక్కకు తప్పుకుంది. తూర్పు గోడ మీద దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం చెక్కి ఉంటుంది. దాని ముందు నిలబడి "ఇదంతా మనదే, మనవాళ్లు కట్టిందే" అనని వాళ్లు మాలో లేరు. నేనైతే ఒక అడుగు ముందుకు వేశాను. ఖ్మేర్ లిపికి మూలం పల్లవుల లిపి అనీ, పల్లవ కుమారవిష్ణువు తామ్రశాసనం దొరికిన చెందలూరు మా నెల్లూరు పక్కనున్న ఒంగోలు ప్రాంతంలోదే అనీ, భైరవకోనలో కొండను తొలిచిన 8 శివాలయాలు చూస్తే మీకే తెలుస్తుందనీ బస్సులో చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. లిపి మాట నిజం, చెందలూరు మాటా నిజం. అయితే ఆ రాళ్లు మోసిందీ చెక్కిందీ ఖ్మేర్లు. నేను మైకులో మాట్లాడుతున్నంతసేపూ వాళ్ల మనవళ్లలో ఒకడు మా బస్సు నడుపుతున్నాడు.

మూడో రోజు వెళ్లింది బౌద్ధ విహారం వెనక గ్రామస్థులే నడుపుకుంటున్న సాయంకాలపు బడికి. అక్కడ పొలం పనులు చేసే ఇళ్ల పిల్లలకు ఉచితంగా ఇంగ్లీషు నేర్పుతారు. మేము పులిహోర పొట్లాలు, చాక్లెట్లు, నోటుపుస్తకాలు తీసుకెళ్లాం. పంతులు ఇరవై ఏళ్లు దాటిన కుర్రాడు. రెండు చేతులూ జోడించి లోపలికి పిలిచి, పిల్లల ముఖాలు మాత్రం ఫోటోల్లో రాకుండా చూడమని మెల్లగా అడిగాడు. మా కెమెరా మిత్రుడు "ఒక్కటే, ఒక్కటే" అంటూ పిల్లలను ఎండలో వరుసగా నిలబెట్టాడు. పొట్లం అందుకునేటప్పుడు అటు చూడమన్నాడు. ఒకడు సరిగ్గా చూడలేదని ఇచ్చిన పొట్లం వెనక్కు తీసుకుని మళ్లీ ఇప్పించాడు. ఆ పొట్లం ఇచ్చింది నేను. రెండోసారి చేయి చాచినప్పుడు ఆ పిల్లవాడు నా వైపు చూడలేదు.

ఆ కుర్రాడు అలా అడగడం వెనక ఆ దేశపు అనుభవం ఉంది. 2005 నుంచి 2010 లోపు కంబోడియాలో అనాథాశ్రమాలు సుమారు 75 శాతం పెరిగాయి. అనాథలు పెరగలేదు. ఆ ఆశ్రమాల పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. మనలాంటి యాత్రికులు వచ్చి, పిల్లలను ఎత్తుకుని, ఫోటో దిగి, డబ్బు ఇచ్చి వెళ్లే అలవాటు వల్ల పిల్లలను ఇంటి నుంచి తెచ్చి చూపించడం కొందరికి ఆదాయమైంది. పిల్లలు సందర్శన స్థలాలు కారని అక్కడి సంస్థలు ప్రచారం మొదలుపెట్టవలసి వచ్చింది. మేము వెళ్లిన బడి అలాంటిది కాదు, పిల్లలు చీకటి పడేలోగా ఇళ్లకు పోతారు. అందుకే ఆ ముఖాలను కాపాడుకోవాలని ఆ కుర్రాడి తాపత్రయం.

కోశాధికారి గారి వాదన నాకు తెలుసు, అందులో న్యాయం లేకపోలేదు. ఫోటో చూపకపోతే వచ్చే ఏడు చందా ఎవరిస్తారని ఆయన అడుగుతారు. పేరు మీద మనకున్న మమకారాన్ని నేను ఎగతాళి చేయలేను. మా ఊరి రాములవారి గుడిలో మా నాన్న పేరు సీలింగు ఫ్యాను రెక్కల మీద ఉంది: ఒక రెక్క మీద ఇంటిపేరు, ఒక రెక్క మీద పేరు, మూడో రెక్క మీద 'జ్ఞాపకార్థం'. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఎవరికీ కనిపించదు. కరెంటు పోయినప్పుడే జనం చదువుతారు, అప్పుడు ఉక్కపోతకు విసుక్కుంటూ ఉంటారు కాబట్టి పుణ్యం ఎంత మిగులుతుందో చెప్పలేను. అయినా ఊరికి వెళ్లిన ప్రతిసారీ ఆ ఫ్యాను కింద కాసేపు కూర్చుంటాను.

ఆ మాటకొస్తే ఖ్మేర్ రాజు ఏడో జయవర్మ కూడా పేరు రాయించుకున్నాడు. తల్లి కోసం 1186లో నిలిపిన తా ప్రోమ్ ఆలయ శాసనంలో రాజ్యంలోని 102 ఆరోగ్యశాలల ప్రస్తావన ఉంది. గుడికి వచ్చే బియ్యం, నువ్వులు, తేనె లెక్క ఉంది. ప్రజల రోగాలు తన రోగాలకంటే ఎక్కువగా రాజును బాధించాయని ఆయన ఆరోగ్యశాలల శాసనాలు చెబుతాయి. ఇచ్చినవాడి పేరూ ఉంది, ఇచ్చిన దాని కొలతా ఉంది. పుచ్చుకున్న రోగి ముఖం మాత్రం ఆ శాసనాల్లో ఎక్కడా లేదు.

ఇప్పుడు సియెం రీప్‌లో ఆ రాజు పేరుతోనే పిల్లల ఆసుపత్రి ఉంది. స్విట్జర్లాండ్ వైద్యుడు బీట్ రిచ్నర్ నెలకొల్పిన కంథా బోఫా ఆసుపత్రుల్లో అది ఒకటి, 1999లో మొదలైంది. వైద్యం పూర్తిగా ఉచితం. 2018లో కన్నుమూసిన ఆయన, ఆరోగ్యం ఉన్నంతకాలం శనివారాలు సెల్లో వాయించి యాత్రికులను విరాళం అడిగేవాడు, డబ్బు లేని పడుచువాళ్లను రక్తం ఇమ్మనేవాడు. అంగ్‌కోర్‌లో ఒకరోజు టికెట్టు 37 డాలర్లయితే అందులో 2 డాలర్లు ఆ ఆసుపత్రులకే వెళతాయి. అంటే ఆ యాత్రలో మనం చేసిన సేవల్లో నిక్కమైనది టికెట్టు కిటికీ దగ్గరే, మనకు తెలియకుండానే, బ్యానరు విప్పకముందే జరిగిపోయింది.

పుచ్చుకోవడం ఎలాగో మా నెల్లూరు వాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మొహర్రం నెలలో రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో నిలబడి, అదే కోరిక నెరవేరినవాళ్ల చేతి నుంచి రొట్టె పుచ్చుకుంటారు. తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఆరోగ్యం రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, మనలాంటి వాళ్ల కోసం వీసా రొట్టె. నా ఉద్యోగం కోసం అమ్మ నన్ను మోకాటి లోతు నీళ్లలోకి లాక్కుపోయినప్పుడు, చదువుకున్న పిల్లను చేయి చాచడమేమిటని నేను బిగుసుకుపోయాను. "తీసుకునేదానికి సిగ్గేందే, వచ్చే ఏడు ఇచ్చేదీ నువ్వే గదా" అంది అమ్మ. బురఖా వేసుకున్న ఒకావిడ రొట్టె తుంచి నా చేతిలో పెట్టి, సగం తానూ తిన్నది. ఆవిడ పేరు నాకు తెలియదు, నా పేరు ఆవిడ అడగలేదు. మరుసటేడు కాదు గానీ మూడేళ్లకు వెళ్లి నేనూ ఇచ్చాను. అదే పండుగలో ఇప్పుడు నాయకుల ఫ్లెక్సీలు చెరువు కనబడకుండా కట్టేస్తున్నారన్న మాట కూడా దాచను.

ఆ బడి దగ్గర మేము బస్సెక్కబోతుంటే పిల్లలు పరుగున వచ్చి తాటాకుల్లో చుట్టిన బెల్లం బిళ్లలు ఇచ్చారు. అచ్చం మన తాటిబెల్లమే. ఆ ఊరి చుట్టూ తాటిచెట్లే, ఇళ్ల ముందే తాటి నీరా కాచి బెల్లం చేస్తారు. తలా ఒక బెల్లం చుట్ట పుచ్చుకున్నాం. ఆ పుచ్చుకుంటున్న ఫోటో ఎవరూ తీయలేదు, తెర మీద వేయలేదు. రెండు రోజుల పాటు రాళ్లను చూసి మనదే అన్న నోళ్లతోనే ఉగాది నాడు 'అక్కడి పేద పిల్లలు' అన్నాం.

వచ్చే యాత్ర జావాలోని ప్రంబనన్ ఆలయాలకు అని వింటున్నాను. కార్యవర్గాన్ని నేను కోరేది పెద్దదేమీ కాదు. బ్యానరు సింగపూర్‌లోనే ఉంచండి. ఏం కావాలో నెల ముందే అక్కడి వాళ్లను అడగండి. ఆ బడి కుర్రాడిని అడిగి ఉంటే, నోటుపుస్తకాలు బీరువా నిండా ఉన్నాయనీ, వానాకాలంలో రెండో పంతులుకు జీతం చాలడం లేదనీ చెప్పేవాడు. బస్సు దగ్గర చివరి నిమిషంలో అడిగితే చెప్పాడు. చందాదారులకు చూపించాలంటే జీతం రసీదు చూపిద్దాం, పేర్లన్నీ వరుసగా వేద్దాం, కావాలంటే ఫ్యాను రెక్కల మీద కూడా రాయిద్దాం. అక్కడివాళ్లు పెట్టింది కూర్చుని తినే వేళ కూడా కార్యక్రమంలో ఉంచండి.

నోటుపుస్తకం అడ్డం పెట్టుకున్న పాప ఫోటోను సంఘం పేజీ నుంచి తీసేయమని ఉగాది మరునాడే కార్యదర్శి గారిని అడిగాను. చూద్దాం అన్నారు. ఇది రాసే నాటికి దాని కింద నూట నలభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.