సవరణ: 'పతేరెస్' అంటే తండ్రులు మాత్రమేనా?

నిన్నటి పోస్టులో ఒక తప్పు రాశాను. బైబిలు కొత్త నిబంధన గ్రీకులో తల్లిదండ్రులకు 'గొనెయిస్' అనే వేరే మాట ఉందని, 'పతేరెస్' అంటే ఎక్కడైనా తండ్రులేనని అన్నాను. రెండో సగం నిలవదు.

కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక (హెబ్రీయులకు రాసిన ఉత్తరం) 11:23 చూడండి. మోషేను మూడు నెలలు దాచింది ఎవరు? గ్రీకులో ఉన్నది 'పతేరెస్' మాటే. మన తెలుగు బైబిలు మాత్రం 'అతని తలిదండ్రులు' అంటుంది, అదే సరైనది. ఈ కథ మొదట వచ్చే పాత నిబంధనలో, నిర్గమకాండం 2:2 హెబ్రీ మూలంలో దాచింది తల్లి ఒక్కతే. పాత గ్రీకు అనువాదంలో ఆ క్రియ బహువచనమైంది, 'దాచారు' అని. హెబ్రీ పత్రిక రాసినవారు ఆ గ్రీకు పాఠాన్నే అనుసరించినట్టుంది. మనం 'అమ్మావాళ్లు ఊరెళ్లారు' అంటే అందులో నాన్న కూడా ఉన్నట్టే ఇదీనూ.

అలాగని ఎఫెసీ పత్రిక 6:4లోని 'తండ్రులారా'ను కూడా వెంటనే మార్చేయలేం. మొదటి వచనంలో తల్లిదండ్రులకు 'గొనెయిస్' వాడిన పత్రికే, మూడు వచనాల తర్వాత మాట మార్చింది. అక్కడ తండ్రులనే ఉద్దేశించారని నా అభిప్రాయం. కాదనే పండితులూ ఉన్నారు. పాత పోస్టులో 'పతేరెస్' అంటే ఎక్కడైనా తండ్రులేనన్న వాక్యం కొట్టేశాను.