ఆ కంచు ఆకాశం నుంచి ఊడిపడలేదు

"ప్రాచీన చైనా కంచు పాత్రలు ఒక్కసారిగా పుట్టుకొచ్చాయి. అంత పెద్దవి పోయడం ఆనాటి మనుషుల వల్ల కాదు. శాన్‌షింగ్‌డుయీ ముఖాలు వేరే గ్రహం వాళ్ళవి. వాళ్ళ తొలి లిపి వట్టి బొమ్మలు." ఈ నాలుగు మాటలతో ఒక వీడియో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో తెగ తిరుగుతోంది. నాలుగూ తప్పే. తరతరాలుగా మట్టిలో చేతులు పెట్టి పనిచేసిన వాళ్ళ కష్టాన్ని ఇలా తుడిచేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

మొదట "ఒక్కసారిగా" అన్న మాట చూద్దాం. హెనాన్ ప్రాంతంలోని అర్లిటౌలో క్రీ.పూ. 1700 నాటి మూడు కాళ్ళ సారా గిన్నెలు దొరికాయి. చిన్నవి, గోడలు పల్చన, నగిషీ దాదాపు లేదు. తర్వాత జెంగ్‌జౌలో మీటరు ఎత్తు పాత్రలు వచ్చాయి. ఆ పైన శాంగ్ రాజుల చివరి రాజధాని ఆన్యాంగ్‌లో భారీ పాత్రలు. ఇదంతా కొన్ని వందల ఏళ్ళ నడక. లోహం కరిగించే విద్య వాయవ్యం నుంచి, గడ్డి మైదానాల దారిన వచ్చిందని చాలామంది పరిశోధకులు అంటారు. అది ఒప్పుకోవడానికి ఇబ్బందేమీ లేదు. పోత పద్ధతి మాత్రం అక్కడ పెరిగిందే.

ఆ పద్ధతి తెలిస్తే రెండో మాటకు జవాబు దొరుకుతుంది. మన ఆదిలాబాద్ డోక్రా పనివాళ్ళు మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. శాంగ్ పనివాళ్ళ దారి వేరు. ముందు మట్టితో నమూనా చేశారు. దాని మీద మెత్తటి మట్టి అదిమి, కాస్త ఆరాక ముక్కలుగా కోసి తీశారు. అవే అచ్చులు. వాటిని కాల్చి, మధ్యలో మట్టి దిమ్మె నిలిపి, చుట్టూ మళ్ళీ పేర్చి, ఆ సందులో కంచు పోశారు. అచ్చు ముక్కలు కలిసిన చోట పడ్డ గీతలు చాలా పాత్రల మీద ఇప్పటికీ కనబడతాయి. 1939లో దొరికిన హౌమూవూ డింగ్ అనే పెద్ద కంచు పాత్ర బరువు 832.84 కిలోలు. దాన్నీ ఇలాగే పోశారు, చెవులు తర్వాత విడిగా పోసి కలిపారు. ఆన్యాంగ్‌లో ఆనాటి పోత పని జరిగిన చోట వేలకొద్దీ అచ్చు ముక్కలు తవ్వి తీశారు. ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి?

శాన్‌షింగ్‌డుయీ సంగతి. 1986లో చైనాలోని సిచువాన్ ప్రాంతంలో, ఆ పేరున్న చోట, రెండు గుంతల్లో బయటపడ్డ ఆ ముఖాలు నిజంగానే వింతగా ఉంటాయి, కళ్ళు ముందుకు పొడుచుకొచ్చి. కానీ వాటిని పోసిందీ మట్టి అచ్చుల్లోనే. కంచులోని సీసాన్ని పరీక్షిస్తే, శాంగ్ పాత్రల్లో కనబడే అరుదైన రకమే ఇక్కడా ఉంది. ఆ గుంతల్లో యాంగ్సీ నది ప్రాంతపు తరహా పాత్రలు కూడా ఉన్నాయి. ఇరుగుపొరుగుతో రాకపోకలున్న మనుషుల పని ఇది.

ఇక లిపి. ఆన్యాంగ్‌లో దొరికిన, జోస్యం చూడడానికి వాడిన తాబేలు డిప్పలు, ఎద్దు భుజం ఎముకల మీది రాత క్రీ.పూ. 1250 ప్రాంతంలో మొదలవుతుంది. అక్షరాల్లో బొమ్మలు ఉన్నమాట నిజం. అయితే చేట బొమ్మ గీసి, పలుకు కలిసినందుకు, "కావచ్చు" అనే భావం తెలిపే మాటకు వాడారు. ధాన్యపు మొక్క గీసి "రావడం" అని చదివారు. బొమ్మను శబ్దం కోసం వాడుకున్నాక అది భాషను రాసే లిపే. వాటిలో పూర్తి వాక్యాలున్నాయి, తేదీలున్నాయి. రాజు వూ డింగ్ తన రాణి ఫూ హావోకు కాన్పు బాగా జరుగుతుందా అని అడిగించిన ప్రశ్న ఉంది. ముప్పై ఒక్క రోజుల తర్వాత ఏమైందో కూడా అక్కడే చెక్కారు: "బాగా జరగలేదు, ఆడపిల్ల." చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఎవరూ దోచుకోని ఆమె సమాధి 1976లో ఆన్యాంగ్‌లో బయటపడింది. అందులో 460కి పైగా కంచు వస్తువులున్నాయి. ఎముకల మీద చదివిన ఆ పేరే, పోతతో పాటే అక్షరాలుగా దిగి, వాటిలో చాలా వాటి మీద ఉంది.