కొలువు వచ్చిన రోజే చదువు ఆగిపోతే ఎట్లా?

పోయిన ఏడాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర మా చిన్నాన్న వాళ్ల ఆవు ఈనిన మరుసటి రోజే కూలబడిపోయింది. మెడ పక్కకు తిప్పి డొక్క మీద పెట్టుకుంది, చెవులు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పాల జ్వరం. పేరులో జ్వరం ఉంది గానీ ఒళ్లు కాలదు, ఈనగానే కాల్షియం ఒక్కసారిగా పాలలోకి పోయి రక్తంలో తగ్గిపోతే వచ్చే జబ్బు ఇది. డాక్టరు గారు ఇంకో ఊళ్లో కేసు మీద ఉన్నారు. ఆయన ఫోన్లో చెబుతుంటే గ్రామ పశుసంవర్ధక సహాయకురాలు కాల్షియం ఎక్కించింది. ముందు బాటిల్‌ని గోరువెచ్చటి నీళ్లలో పెట్టింది. మెడ నరానికి సూది పెట్టి, చుక్కలు నిదానంగా వదులుతూ, స్టెతస్కోపు మాత్రం గుండె మీద నుంచి తీయలేదు. చిన్నాన్న టెన్షన్‌తో "బిరబిరా ఎక్కించమ్మా" అంటుంటే, "ఆగు బాబాయ్, బిరబిరా ఎక్కిస్తే గుండె ఆగిపోద్ది" అంది. ఆవు పక్కకు ఒరగకుండా రెండువైపులా గడ్డి కుక్కిన గోతాలు పెట్టించింది. గంట దాటాక ఆవు లేచింది.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగాను. గోతాల సంగతి డిప్లొమాలో చెప్పారట, గుండె వింటూ ఎక్కించడం మాత్రం ఇంతకుముందు పనిచేసిన చోట ఒక పాత కాంపౌండర్ దగ్గరుండి చూపించాడట. మరి ఉద్యోగంలో చేరాక? "యాప్‌లో వివరాలు ఎట్లా ఎక్కించాలో నేర్పించారు సార్" అంది.

నా బాధంతా ఈ మాట దగ్గరే. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు వేల సంఖ్యలో పశుసంవర్ధక సహాయకుల పోస్టులు తీశారు, పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు, ఇంటర్ ఒకేషనల్ చదివినవాళ్లు చాలామంది ఊళ్లలోకి వచ్చారు. మంచి పని. కానీ వాళ్లు నేర్చుకోవడం అక్కడితో ఆగిపోయింది. అంతకుముందు నుంచీ ఊళ్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రల పరిస్థితీ అంతే, ఒకసారి శిక్షణ ఇచ్చి సంచి భుజాన వేసి పంపేస్తే మళ్లీ పిలిచి అడిగినవాళ్లు తక్కువ. జబ్బులు మాత్రం ఆగలేదు కదా. 2022లో దేశమంతా ముద్ద చర్మ వ్యాధి వ్యాపించినప్పుడు రైతు ముందుగా పరుగెత్తింది వీళ్ల దగ్గరికే.

ఇంగ్లండ్‌లో ఈ పనికి వెటర్నరీ నర్సు అని పేరుంది, 1961 నుంచి పద్ధతిగా శిక్షణ ఉంది. రిజిస్టరులో పేరున్న నర్సు ఏడాదికి 15 గంటలు కొత్తగా నేర్చుకుని తీరాలి, డాక్టరైతే 35 గంటలు. మన దగ్గర 1984 నాటి పశువైద్య మండలి చట్టంలో వీళ్ల గురించి ఉన్నది, రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలో చిన్నచిన్న వైద్య సేవలు చేయొచ్చని. ఆ పర్యవేక్షణ కిందనే ఏటా నేర్పించే ఏర్పాటు కూడా ఉండాలన్నది నా వాదన.

ఎందుకంటే ఈ పనిలో పుస్తకానికి అందనిది చాలా ఉంది. ఎద సూది, అదే కృత్రిమ గర్భధారణ సంగతే తీసుకోండి. ద్రవ నత్రజని డబ్బాలో మైనస్ 196 డిగ్రీల చలిలో ఉన్న వీర్యం స్ట్రాను (సన్న గొట్టాన్ని) తీసి, 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి, తడి తుడిచి, గన్‌లో పెట్టాలి. ఒక స్ట్రా కోసం వెతుకుతూ మిగతావాటిని డబ్బా మెడ పైకి లేపి పట్టుకుంటే ఆ క్షణాల్లోనే అవీ పాడవుతాయి, బయటికి ఏమీ తెలియదు, మూడు వారాలకు గేదె మళ్లీ ఎదకు వచ్చినప్పుడు రైతు "సూది నిలబడలేదు" అంటాడు. తప్పు గేదెదనుకుంటారు. పైగా ఎండాకాలంలో గేదెలది మూగ ఎద, అరవదు, పక్క గేదెల మీద ఎక్కదు, దాన్ని కనిపెట్టడానికి కన్ను పండాలి. ఆ కన్ను ఇరవై ఏళ్లు తిరిగిన మనిషి పక్కన నిలబడితే వస్తుంది, వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపితే రాదు.

ఆ మనుషులు రిటైరై ఇళ్లలో ఉన్నారు. వాళ్లను గౌరవంగా పిలిచి, గౌరవ వేతనం ఇచ్చి, నెలకో రోజు కొత్తవాళ్ల చేత పని చేయించమనడానికి పెద్ద బడ్జెట్ ఏం కావాలి? కొండాపురం మండలం చింతలదేవిలో జాతీయ కామధేను పశు అభివృద్ధి కేంద్రం ఉంది, మన ఒంగోలు జాతితో సహా దేశవాళీ జాతులు ఉన్న చోటు. జిల్లా సహాయకులు ఏడాదికి మూడు రోజులైనా అక్కడ చేయి తిప్పి రావచ్చు. నెల్లూరు జుడిపి గొర్రెలు ఉన్న జిల్లా మనది. చిటుకు రోగానికి, నీలి నాలుకకు టీకా ఏ నెలలో వేయాలో, టీకా చల్లదనం మందపట్టు దాకా చెడకుండా ఎట్లా తీసుకెళ్లాలో కాపరుల మధ్యే నేర్పాలి.

ఇంకో వైపు నెల్లూరు టౌన్‌లో కుక్కల క్లినిక్కులు పెరిగాయి. పార్వో అనే వైరస్ జబ్బు వచ్చిన కుక్కపిల్లకు సెలైన్ పెట్టి రాత్రంతా చూసుకునేది, మత్తు ఇచ్చాక ఊపిరి లెక్కపెట్టేది చాలా చోట్ల ఏ చదువూ లేకుండా పనిలో చేరిన కుర్రాళ్లు. వాళ్లకూ చిన్న కోర్సు ఉండాలి.

ఇవన్నీ నేర్పితే వీళ్లే డాక్టర్లమని బోర్డు పెట్టుకుంటారని కొందరు డాక్టర్లు భయపడతారు. ఆ భయాన్ని కొట్టిపారేయను, అట్లా తిరిగేవాళ్లను చూశాను. కానీ హద్దు దాటేది ఎక్కువగా హద్దు ఎక్కడుందో ఎవరూ చెప్పనివాళ్లే. పశువులకు గర్భస్రావం తెచ్చే బ్రుసెల్లా జబ్బు టీకాలో బతికున్న క్రిములుంటాయి, సూది పొరపాటున చేతికి గుచ్చుకుంటే మనిషికే జబ్బు రావచ్చు అని సరిగ్గా నేర్చుకున్నవాళ్లు గ్లౌజు లేకుండా దూడను ముట్టుకోరు. ఎక్కడ ఆగి డాక్టరుకు ఫోన్ చేయాలో కూడా శిక్షణలో భాగమే.

నేర్చుకున్న గంటలు సర్వీసు రిజిస్టరులో ఎక్కాలి, ప్రమోషన్‌లో లెక్కకు రావాలి. లేకపోతే సర్వేలు, యాప్‌లు, మీటింగులతో ఊపిరాడని మనిషి ఇంకో క్లాసుకు ఎందుకు వస్తుంది? ఆ రోజు ఆవు లేచాక ఆ అమ్మాయి బ్యాగులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, ఎన్ని గంటలకు పడింది, బాటిల్ ఎంతసేపు పట్టింది, చెవులు ఎప్పుడు వెచ్చబడ్డాయి అని రాసుకుంది. ఇప్పటికి మూడు పుస్తకాలు నిండాయట. ఎవరైనా చూశారా అని అడిగితే, మీరే మొదట అడిగింది అంది.