సవరణ: ‘లిటిల్ హార్ట్స్’పై హనుమకొండ ప్రేక్షకుల మాట

‘లిటిల్ హార్ట్స్’ చూసి బయటికొచ్చిన వాళ్ల అభిప్రాయాలు మొన్న రాశాను. అందులో ‘పిల్లలకు నచ్చింది, తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు’ అన్న వాక్యాన్ని చదివినవాళ్లలో చాలామంది, పెద్దలకు సినిమా నచ్చలేదన్నట్టు తీసుకున్నారు. ఆ తల్లిదండ్రులు చెప్పింది అది కాదు. మౌళి చేసిన అఖిల్ పాత్రకు వాళ్లూ హాయిగా నవ్వారు. అభ్యంతరమల్లా ఒక్కటే: ఎంసెట్ ప్రవేశ పరీక్ష పోవడం, మళ్లీ రాయడానికి లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరడం అంత తేలికగా నవ్వుకునే విషయమా అని. కోచింగ్‌లు, హాస్టళ్లు నిండిన హనుమకొండలో ఆ టెన్షన్ ఏంటో ఫీజు కట్టే ఇంటికి తెలుసు. ఆ మాటను నేను గౌరవిస్తాను. అయినా ర్యాంకు రాని పిల్లాడిని దోషిలా చూపించకపోవడమే ఈ సినిమాలో నాకు బాగా నచ్చింది.

ఇంకో రెండు సంగతులు. దర్శకుడు సాయి మార్తాండ్. ఆదిత్య హాసన్ నిర్మాత. ‘ఎంసెట్ ఏంటి, ఈఏపీసెట్ కదా?’ అని అడిగిన ఇంటర్ పిల్లలకు: తెలంగాణలో ఆ పేరు మారింది 2024లో. మెడిసిన్ సీట్లు అంతకు చాలా ముందే నీట్‌కు వెళ్లిపోయాయి.