కుళ్ళని సరుకు

రేటు పెరుగుతుందన్న మాట చెవిన పడితే చాలు, అవసరం లేనివాళ్ళు కూడా కొంటారు. 2024 జనవరి 2న హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల దగ్గర కళ్ళారా చూశాం. హిట్ అండ్ రన్ చట్టం మీద ట్యాంకర్ డ్రైవర్లు సమ్మెకు దిగారని తెలియగానే బంకుల ముందు బారులు తీరారు. సగం ట్యాంకు ఉన్నవాడూ ఎందుకైనా మంచిదని బండి తిప్పాడు. చూస్తుండగానే చాలా బంకుల్లో ‘నో స్టాక్’ బోర్డులు వెలిశాయి. తర్వాత సమ్మె ఆగింది, క్యూలు పోయాయి, ఎగబడి పోయించుకున్న పెట్రోలు నాలుగు రోజుల్లో కాలిపోయింది. ఆ భయం తాలూకు ఆనవాలు ఏ ఇంట్లోనూ మిగల్లేదు.

అమెరికాలో తూటాల కొరత అలా ముగిసే కథ కాదు. ఆ దేశంలో గత పదిహేనేళ్ళలో రెండుసార్లు పెద్ద కొరత వచ్చింది. ఇప్పుడు మళ్ళీ ధరల గురించి ఆందోళన. తూటా తొడుగుకు కావలసిన ఇత్తడి రాగితో చేస్తారు. ఆ రాగి సామాన్ల మీద 2025 ఆగస్టు నుంచి 50 శాతం సుంకం పడింది. తూటాలోని సీసాన్ని గట్టిపరచడానికి వాడే ఆంటిమొనిని అమెరికాకు పంపడం 2024 డిసెంబరులో చైనా ఆపేసేసరికి దాని రేటు కొండెక్కింది. దానికి ఉక్రెయిన్ యుద్ధం తోడైంది. తుపాకి మందుకు మూలం పత్తి గింజకు అంటుకుని ఉండే నూగు. మన గుంటూరు, వరంగల్ ప్రాంతాల్లో జిన్నింగ్ మిల్లులో దూది తీశాక గింజ మీద మిగిలే అలాంటి నూగునే శుద్ధి చేసి, ఆమ్లాల్లో నానబెడితే నైట్రోసెల్యులోజ్ అవుతుంది. ఫిరంగి గుండుకూ అదే కావాలి, వేటగాడి తూటాకూ అదే కావాలి. 155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండు ధర 2 వేల యూరోల నుంచి 8 వేల యూరోలకు చేరిందని నాటో సైనిక కమిటీ అప్పటి అధ్యక్షుడు రాబ్ బావర్ 2023లోనే చెప్పారు. అంత ధర పెట్టే సైన్యాలు ముందుంటే మందు ఎటు పోతుందో వేరే చెప్పాలా?

ఈ కారణాలన్నీ నిజమే. ధర కొంత పెరగడం సహజమే. కానీ కొరతగా మారేది మాత్రం కొనేవాళ్ళ భయం వల్లనే. 2020 సంగతి చూడండి. కొవిడ్ లాక్‌డౌన్లు, జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత నిరసనలు, ఆపైన అధ్యక్ష ఎన్నికలు, ఒకే ఏడాదిలో మూడు టెన్షన్లు. తుపాకి కొనేవారి నేపథ్యం మీద ఎఫ్‌బీఐ వ్యవస్థ ద్వారా జరిగే విచారణలు 2019లో సుమారు 2.84 కోట్లుంటే 2020లో 3.97 కోట్లకు చేరాయి. లక్షల మంది జీవితంలో మొదటిసారి తుపాకి కొన్నారు. తలా రెండు పెట్టెల తూటాలు కొన్నా ఏ ఫ్యాక్టరీ తట్టుకుంటుంది? అంతకు ముందు పది డాలర్ల చుట్టూ ఉన్న 9 ఎంఎం తూటాల పెట్టె, అంటే 50 తూటాలు, 2021 మొదట్లో ముప్పై, నలభై డాలర్లకు ఎక్కింది. అదీ దొరికితే. షాపుకు లారీ ఏ రోజు వస్తుందో వాకబు చేసి తెల్లవారకముందే తలుపు దగ్గర నిలబడేవారు కొందరు. మనిషికి ఒక పెట్టె, రెండు పెట్టెలే అని షాపులవాళ్ళు కాగితం అంటించారు. అలా దొరికినవాటిని కొత్త సినిమా టికెట్లను బ్లాక్‌లో అమ్మినట్టు మర్నాడే రెట్టింపు ధరకు అమ్ముకున్నవారూ ఉన్నారు.

ఫ్యాక్టరీలు ఎక్కువ తయారు చేయవచ్చు కదా అనిపిస్తుంది. ఇక్కడే అసలు చిక్కు. తూటా అడుగున చిన్న బొట్టుబిళ్ళంత ప్రైమర్ ఉంటుంది. పిన్ను తగలగానే నిప్పు రాజేసేది అదే. అమెరికాలో వాటిని పెద్ద ఎత్తున తయారు చేసే కంపెనీలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ముట్టుకుంటే పేలే పదార్థంతో పని కాబట్టి కొత్త లైను పెట్టడం నెలల్లో తేలే వ్యవహారం కాదు. పెట్టుబడి పెట్టడానికీ వాళ్ళు జంకుతారు. ట్రంప్ గెలిచిన 2016 ఎన్నికల తర్వాత, ఇక తుపాకుల మీద ఆంక్షలు రావన్న ధీమాతో జనం కొనడం తగ్గించారు. గిరాకీ పడిపోయి పాత కంపెనీ రెమింగ్టన్ 2018లో ఒకసారి, 2020లో మరోసారి దివాలా పిటిషన్ వేసింది. దేశమంతా తూటాల కోసం వెతుక్కుంటున్న ఏడాదిలోనే ఆర్కన్సా రాష్ట్రం లోనోక్‌లోని రెమింగ్టన్ తూటాల ఫ్యాక్టరీ వేలానికి వచ్చింది. 8.14 కోట్ల డాలర్లకు విస్టా ఔట్‌డోర్ కొనుక్కుంది. అప్పట్లో ఈ విస్టా చేతిలోనే ఉన్న ఫెడరల్ అనే తూటాల కంపెనీ అధ్యక్షుడు 2020 చివర్లో వీడియో పెట్టి, తమ దగ్గర ఏడాదికి పైగా సరిపడే ఆర్డర్లున్నాయని, వాటి విలువ వంద కోట్ల డాలర్లు దాటిందని చెప్పుకోవాల్సి వచ్చింది. సరుకు దాచేస్తున్నారన్న పుకార్లకు అది జవాబు. భయం ఉన్నంత కాలం ఎంత చేసినా చాలదు, భయం పోయిన రోజున చేసింది అమ్ముడుపోదు. అలాంటి చోట లెక్క తెలిసిన ఏ యజమానీ ఫ్యాక్టరీ పెంచడు.

నష్టపోయేది ఎవరు? ఏడాదికి రెండు పెట్టెలతో జింకల వేటకు పోయే పల్లెటూరి మనిషి. శిక్షణ తూటాలు తగ్గించుకున్న పోలీసు విభాగాలు. గురి నేర్చుకునే పిల్లలు. 2013 కొరతలో అన్నింటికన్నా ముందు మాయమై అన్నింటికన్నా ఆలస్యంగా తిరిగొచ్చినది చిన్న .22 తూటా. గురి నేర్పడానికి వాడేది అదే. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో పేల్చేదీ అదే. వీళ్ళందరికన్నా మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకరు. భయంతో తుపాకి కొని, తూటాలు దొరకక ఒక్కసారి కూడా పేల్చి చూడకుండా దాన్ని దిండు కింద పెట్టుకున్న కొత్త యజమాని.

ఇక పెట్రోలుకూ తూటాకూ ఉన్న తేడా. దాచిన ఉల్లిపాయలు కుళ్ళిపోతాయి. బియ్యానికి పురుగు పడుతుంది. తడి తగలకుండా ఉంచితే తూటా దశాబ్దాల పాటు చెడిపోదు. ధరలు దిగొస్తాయి, వార్తలు మారతాయి, కొన్నవాడికి కొన్న కారణం కూడా గుర్తుండదు. పెట్టెలు మాత్రం అలమారలో అలాగే ఉంటాయి. 2012 డిసెంబరు 14న కనెటికట్‌లోని శాండీ హుక్ బడిలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు బలైపోయారు. ఆంక్షలు వస్తాయేమోనని ఆ వెంటనే షాపుల మీద పడి కొన్న తూటాలు ఈనాటికీ ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో లెక్క చెప్పగలిగేవారు లేరు. అప్పుడు దేశమంతటికీ రావచ్చన్న ఆంక్షలు రానే లేదు.

ఆ ఇళ్ళలో జరుగుతున్నదేమిటో అంకెలు చెబుతున్నాయి. 2021లో అమెరికాలో తుపాకి గుండుకు చనిపోయినవారు 48,830 మంది. అందులో సగానికి పైగా, 26,328 మంది, ఆత్మహత్య చేసుకున్నవారే. ఏడాది నుంచి 19 ఏళ్ళ వరకు వయసున్న పిల్లల మరణాలకు 2020 నుంచి రోడ్డు ప్రమాదాలను దాటి తుపాకే మొదటి కారణమైంది. దొంగ వస్తాడని కొన్న తూటా ఇంట్లోవాళ్ళకే తగులుతోంది. ఇది మాకు మింగుడు పడని నిజం.

చట్టం వైపు చూస్తే నిరాశే మిగులుతోంది. మన దగ్గర ఒకేసారి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. అమెరికాలోనూ ఒకప్పుడు లెక్క ఉండేది. మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీ హత్యలకు గురైన 1968లో వచ్చిన చట్టం తూటాలు ఎవరికి అమ్మారో రాసి పెట్టాలంది. 1986లో ఆ నిబంధనను ఎత్తేశారు. ఇవాళ దేశమంతటికీ వర్తించేలా తూటా కొనేవారిపై నేపథ్య విచారణ లేదు. కాలిఫోర్నియా 2019లో, న్యూయార్క్ 2023లో మొదలుపెట్టాయి. కాలిఫోర్నియా చట్టం చెల్లదని 2025లో అప్పీలు కోర్టు బెంచి ఒకటి ఇద్దరి మాటగా తీర్పు చెప్పింది, మూడో జడ్జి ఒప్పుకోలేదు. మరోవైపు 2024లో అలబామా, ఓక్లహోమా, టెక్సాస్‌లలో కొన్ని కిరాణా సూపర్‌మార్కెట్లలో తూటాల యంత్రాలు పెట్టారు. డ్రైవింగ్ లైసెన్సు కార్డు స్కాన్ చేసి, ముఖం చూపిస్తే పెట్టె బయటికొస్తుంది. యంత్రం చూసేది వయసును, కార్డు మీది ఫొటోను. ఆ మనిషి గత వారం భార్యను చంపుతానని బెదిరించాడా అన్నది దానికి తెలియదు. పాలు, గుడ్లు కొనే చోట అలాంటి యంత్రం ఉండకూడదని ఈ పత్రిక గట్టిగా నమ్ముతోంది. అమ్మిన తూటాలకు లెక్క రాయడాన్ని అమెరికా కాంగ్రెస్ తిరిగి తేవాలి. వేటగాడికి దాని వల్ల పోయేదేమీ లేదు. వందల పెట్టెలు పోగేసేవాడు మాత్రం కనబడతాడు.

అక్కడి సంగతి మనకెందుకు అనుకునే రోజులు పోయాయి. డాలస్, అట్లాంటా, న్యూజెర్సీల్లో మన పిల్లలున్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేత్‌లో శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపిన రాత్రి తెలుగునాట ఎన్ని ఇళ్ళకు నిద్ర లేదో మనకు తెలుసు. ఆ తర్వాత స్టోర్లలో, పెట్రోలు బంకుల్లో పార్ట్‌టైమ్ చేస్తూ దోపిడీల్లో ప్రాణాలు పోగొట్టుకున్న విద్యార్థుల వార్తలు చదివాం. భయం అబద్ధం కాదు. అలా భయపడి తుపాకి కొనుక్కునేవారిని తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. కానీ సొంత తుపాకి శుభ్రం చేసుకుంటుంటే పేలి చనిపోయిన తెలుగు కుర్రాడి వార్త కూడా ఇదే పత్రికల్లో చదివాం. ఇక్కడి నుంచి నాన్న ఫోనులో అడగాల్సింది, రేట్లు పెరుగుతున్నాయట, నాలుగు పెట్టెలు కొని పెట్టుకున్నావా అని కాదు. ఉన్నది ఎక్కడ పెట్టావురా, తాళం వేశావా, తూటాలు వేరే చోట ఉన్నాయా, మనవడికి అందుతాయా అని అడగాలి.

అమెరికాలోని తెలుగు సంఘాలు ఉగాదికీ దసరాకూ వేలమందిని ఒకచోట చేరుస్తాయి. పాటలూ భోజనాల మధ్య ఒక అరగంట దీనికి ఇవ్వండి. ఆ ఊరి పోలీసులను పిలవండి. తుపాకి గుండా దూర్చి వేసే కేబుల్ తాళాలను చాలా పోలీసు స్టేషన్లు ఉచితంగానే ఇస్తున్నాయి. అడిగితే ఒక అట్టపెట్టెడు తెచ్చి బల్ల మీద పెడతారు. వెళ్ళేటప్పుడు ప్రసాదం పొట్లంతో పాటు అదీ ఒకటి తీసుకుని వెళ్ళవచ్చు.